తాగని మనిషి తూలితే

ఎజ్రా ఆటో ఇంజన్ ఆపలేదు. పొగమంచులో దాని లైటు వాకిలి దాకా వచ్చి అక్కడే మెత్తగా కరిగిపోతోంది.

“సంచి తీస్కో చెల్లె. ఇంకేం సూస్తున్నవ్?” అన్నాడు.

ఎస్తర్ గడపకు లోపలివైపు నిలబడి ఉంది. బట్టలు సర్దిన సంచి ఆమె కాళ్ళ దగ్గరే ఉంది. వచ్చి తనను తీసుకుపొమ్మని నిన్న సాయంత్రం తానే అన్నకు ఫోన్ చేసింది. తెల్లారేసరికి అతను నిజామాబాద్ నుంచి వచ్చేశాడు. ఇప్పుడు ఆమెకు కాలు కదలడం లేదు.

బయట వసారాలో ఆమె భర్త దాసు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నీళ్ళ మీద తెప్పలో కూర్చున్నవాడిలా రెండు చేతులతో మంచం పట్టెను గట్టిగా పట్టుకున్నాడు. అతని తల్లి లక్ష్మవ్వ గుమ్మానికి అడ్డంగా చతికిలబడి, కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

“నా కొడుకు తాగలే బిడ్డా,” అంది ఆమె.

“అప్పట్ల గూడ గిట్లనే అంటుంటివి అత్తమ్మా.”

ముసలామె కొంగును వేలికి బిగించుకుంది.

ఆ మాట నిజమే. ఒకప్పుడు దాసు తాగి కాలువ గట్టు మీద పడి ఉంటే, ఎండదెబ్బ తగిలిందని చెప్పేది లక్ష్మవ్వ. తర్వాత అతను మానేశాడు. చర్చిలో అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని మానేశాడు. ఆ రోజే ఎస్తర్ కూడా లేచి ఒక మాట చెప్పింది. మళ్ళీ తాగిననాడు ఆ ఇంట్లో ఉండనని. ఆ తర్వాత అతను సిద్దిరాములు పటేల్ ట్రాక్టర్ మీద చెరుకు తోలుకుంటూ నిలదొక్కుకున్నాడు. చర్చిలో ప్రభువు బల్ల నాడు ద్రాక్షరసం పంచే పళ్ళెం పట్టుకునే పని కూడా సంఘం వాళ్ళు అతనికే అప్పగించారు.

నిన్న ఆ పళ్ళెంతోనే పడ్డాడు. బెంచీల మధ్య కాళ్ళు ఎడంగా వేసుకుంటూ, ఒక పక్కకు ఒరుగుతూ నడిచాడు. పాట ఆగిపోయింది. చిన్న గాజు గ్లాసులన్నీ పాస్టరు తెల్లంగి మీదికి ఎగిరాయి. లేవబోయి మళ్ళీ పడ్డాడు. ఏదో చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఇంకా ఎస్తర్ చెవుల్లోనే ఉంది.

“మొన్న ట్రాక్టర్ కాలువ గట్టు ఎక్కించిండట. పటేల్ చాబీ గుంజుకున్నడట. నిన్న గిది,” అన్నాడు ఎజ్రా. “ఇంకేం గావాలె నీకు?”

“వాసనైతే లేదన్నా.”

“మత్తుమందు కలిపిన కల్లు జరంత తాగినా సాలు, వాసనేముంటది? గసుంటోళ్లను నేను దినాం ఆటోల ఎక్కించుకుంట. స్నేహలత నా ఇంట్లనే ఉండి సదువుకుంటున్నది. నీ బిడ్డ కాడ నువ్వు గూడ ఉండు. గీ మనిషిని ఇడిసిపెట్టు.”

మంచం మీద దాసు తల ఎత్తాడు.

“ఎస్... తరూ. నే... ను తా... గ... లే.”

మాట ఒక్కొక్క ముక్కగా విడిపోయి వచ్చింది. ఒక ముక్క గట్టిగా, ఒక ముక్క వినబడీ వినబడనట్టుగా. ఎజ్రా మొహం తిప్పుకున్నాడు.

లక్ష్మవ్వ లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. దాసు చెయ్యి చాచాడు. చెంబుకు దూరంగా ఉన్నంతసేపూ చెయ్యి బాగానే సాగింది. దగ్గరికి వస్తున్నకొద్దీ ఊగడం మొదలైంది. వేళ్ళు చెంబును దాటి గాలిలోకి పోయాయి. వెనక్కి వచ్చాయి. మళ్ళీ దాటాయి. చివరికి చెంబు దొర్లిపోయింది. నీళ్ళు వసారా మీదుగా పారి వాకిట్లోకి జారాయి.

దాసు ఆ నీళ్ళ వంకే చూస్తూ ఉండిపోయాడు. అతని మొహం నిండా సిగ్గు.

ఎస్తర్ ఆ సిగ్గును చూసింది.

తాగిన దాసును ఆమె ఏళ్ళ తరబడి చూసింది. ఆ మనిషి ఆమెకు కంఠతా వచ్చు. అతను నీళ్ళు ఒలికితే నవ్వేవాడు. లేదా చెంబును కాలితో తన్నేవాడు. సిగ్గు మాత్రం మర్నాడు వచ్చేది, మత్తు దిగాక. ఒంటి మీద మత్తు ఉండగా మొహం మీదికి సిగ్గు రావడం ఆమె ఏనాడూ చూడలేదు.

ఆమె సంచిని దాటి, అత్తను దాటి బయటికి వచ్చింది. మంచం ముందు గొంతుకు కూర్చుంది.

“నా మొహం సూడు.”

తాగినప్పుడు ఎప్పుడూ ఆమె మొహంలోకి చూసేవాడు కాదు. ఇప్పుడు చూశాడు. చూపును నిలపడానికి పాట్లు పడ్డాడు. నల్లగుడ్లు మెల్లగా పక్కకు జారి, ఉలిక్కిపడినట్టు వెనక్కి వచ్చి, మళ్ళీ జారాయి.

“ఏం కనబడ్తుంది?”

“ఇద్దరు... కనబడ్తున్నరు.” కాసేపు ఆగాడు. “ఇద్దరు గూడ... కోపంగనే ఉన్నరు.”

“తల నొస్తుందా?”

“ఎనక.” మెడ పైభాగం చూపించబోయి చెవిని తాకాడు. “కడుపుల... తిప్పుతుంది.”

మాట తూలుతోంది. ఒళ్ళు తూలుతోంది. లోపల ఉన్న దాసు మాత్రం తూలడం లేదు. తెలివిగా, భయంగా, ఆ రెండు కళ్ళలోంచి బయటికి చూస్తున్నాడు.

ఎస్తర్ లేచి నిలబడింది.

“అన్నా, ఆటో మర్లేయ్. దవాఖానకు తీస్కపోదాం.”

“మళ్ల మొదలువెట్టినవా? నువ్వు పిలిస్తెనే వచ్చిన నేను.”

“అవును. పిల్సిన.”

“దవాఖాన్ల ఏమంటరు? తాగిండు, తీస్కపోయి పండుకోబెట్టున్రి అంటరు. నీ ఇజ్జత్ పోతది. నా ఇజ్జత్ గూడ పోతది.”

“నిన్ననే పోయింది. ఇంక పోవుటానికి ఏమున్నది?”

“మోసపోతవ్ చెల్లె.”

“పోతె పోత. ఎక్కించుకుంటవా, పోయి పటేల్‌ను అడుగాల్నా?”

ఎజ్రా హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత దిగి వచ్చి, బావ చంక కింద చెయ్యి వేసి లేపాడు. దాసు కాళ్ళు ఎక్కడ పడాలో తెలియక నేలను వెతుక్కున్నాయి.

* * *

బోధన్ దాటినా మంచు విడవలేదు.

రోడ్డుకు రెండు పక్కలా చెరుకు పూత పట్టి ఉంది. కింద చేను కనబడడం లేదు. తెల్లని పూగుత్తులు మాత్రం మంచు మీద తేలుతున్నాయి. వెనక ఎక్కడో, పొగ రావడం మానేసిన చక్కెర ఫ్యాక్టరీ గొట్టం సగం దాకా మునిగి ఉంది. ఎవరో బెల్లం వండుతున్న తీపి వాసన వచ్చి, కొంతదూరం తోడుండి, వెనకబడిపోయింది.

దాసుకు ఆ పూలు రెండేసి వరసలుగా కనిపించాయి. ఒక వరస నిలకడగా ఉంటే, దాని పక్కనే మరొకటి నీళ్ళలోని నీడలా ఊగుతోంది. ఆ చేలల్లో చాలావాటి చెరుకు అతను తోలిందే. ఏది చేను, ఏది దాని నీడో తెలుసుకోవాలని చూసి, చూసి, వదిలేశాడు. భయం వేయాల్సిన మాటే. కానీ ఆటో ఊపులో ఎస్తరూ ఎజ్రా రోడ్డూ ఆకాశమూ అన్నీ కలిసి ఊగుతున్నాయి. మొన్నటి నుంచి తానొక్కడే ఊగుతున్నాడు. ఇప్పుడు లోకం కూడా తనతో వచ్చి చేరినట్టు అనిపించి, అతనికి కొంచెం హాయిగా కూడా ఉంది.

ఎస్తర్ అతని తలను తన భుజానికి ఆనించుకుంది.

ఎడపల్లి దగ్గర దాసు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎజ్రా ఆటో ఆపి దిగాడు. రోడ్డు పక్కన దాసు వాంతి చేసుకుంటుంటే నుదురు పట్టుకుని నిలబడ్డాడు. అలా పట్టుకునే, దగ్గరగా వంగాడు. ఒకసారి. మరోసారి. ఏ వాసన కోసం వెతికాడో అది దొరకలేదు.

మెడలోని తువ్వాల తీసి చెల్లెలికి ఇచ్చాడు. మళ్ళీ బయల్దేరాక ఆటో మెల్లగా నడిపాడు. గుంత కనిపించిన ప్రతిచోటా ముందే చక్రం తిప్పాడు.

* * *

నిజామాబాద్ ఆస్పత్రిలో, తలుపు దగ్గరే, చక్రాల కుర్చీ తెచ్చినతను దాసు వైపు ఒకసారి చూసి అడిగాడు.

“తాగిండా?”

ఎజ్రా నేల చూపులు చూశాడు.

“తాగలే,” అంది ఎస్తర్.

“అందరు గట్లనే అంటరమ్మా.”

“అందరి సంగతి నాకు తెల్వది. గీయన తాగితె ఎట్లుంటడో నాకు తెలుసు. గిట్లుండడు.”

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. పది మంది ఉన్నచోట ఆ మనిషి పక్షాన మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

నరాల డాక్టరు పేరు సుకన్య. వయసు పెద్దది కాదు. తొందర లేని మనిషి. దాసు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, తన చూపుడు వేలు ఎత్తి పట్టుకుంది. “నా వేలు తాకి, నీ ముక్కు తాకు. మళ్ళీ నా వేలు.” దాసు వేలు ఆమె వేలిని దాటిపోయింది, తిరిగి వస్తూ చెంపకు తగిలింది. పడుకోబెట్టి, ఒక కాలి మడమతో రెండో మోకాలి నుంచి కిందికి గీత గీసినట్టు జరపమంది. మడమ ఆ గీత మీద నిలవలేదు. అటూ ఇటూ జారిపోయింది. చేతుల్లో బలం చూసింది. బలం బాగానే ఉంది.

“కల్లు తాగుతడా?”

“శాన ఏండ్లయింది మానేసి.”

“ఫిట్స్ గోలీలు, నిద్ర గోలీలు? చేలో పురుగుల మందు కొట్టిండా?”

“లేదమ్మా. ట్రాక్టర్ తోల్తడు.”

“ఈ మధ్యన జ్వరం వచ్చిందా? ఒంటి మీద పొక్కులు?”

ఎస్తర్ అన్న వైపు చూసి, చూపు తిప్పుకుంది.

“వచ్చినయ్. ఒళ్లంత పోసినయ్. ఎండిపోయినంకనే ట్రాక్టర్ ఎక్కిండు.”

“నాకు సెప్పలేదేంది?” అన్నాడు ఎజ్రా.

“జరమని సెప్పిన అందరికి. అత్తమ్మ అమ్మవారని వాకిట్ల యాపమండ కడ్తనన్నది. సంఘం పెద్ద ఇంటికి యాపమండ ఏందని మళ్ల అదొక మాట అయితదని...”

డాక్టర్ సుకన్య దాసు చొక్కా పైకెత్తింది. వీపు నిండా మానిన మచ్చలు ఉన్నాయి. పెచ్చులు రాలిపోయిన చోట చర్మం లేతగా మెరుస్తోంది. ఆమె ఆ మచ్చల వైపు కాసేపు చూసి, స్కానింగ్‌కు పంపించింది.

సాయంత్రం కాబోతుండగా అన్నాచెల్లెళ్ళను లోపలికి పిలిచింది. తెర మీద బూడిద రంగులో దాసు తల ఉంది. ఆ బొమ్మలో లోకమంతా నిశ్శబ్దంగా ఉన్నట్టు తోచింది ఎస్తర్‌కు.

“ఇదిగో, కింద, వెనకవైపు. దీన్ని చిన్నమెదడు అంటం. నడిచేటప్పుడు అడుగు ఎక్కడ పడాలె, గ్లాసు అందుకునేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆగాలె, మాట పలికేటప్పుడు నాలుక ఎప్పుడు తిరగాలె, చూపు ఒక్కచోట ఎట్ల నిలవాలె, ఇవన్నీ ఇది చూసుకుంటది. దీనికి వాపు వచ్చింది. ఆలోచన, తెలివి చాలామటుకు వేరే చోట ఉంటయ్. అందుకే ఆయనకు అన్నీ అర్థమైతున్నయ్. ఒళ్ళు మాత్రం చెప్పినట్టు వింటలేదు.”

“తాగినోళ్ల తీర్గనే ఉన్నది గదమ్మా,” అన్నాడు ఎజ్రా నెమ్మదిగా.

“తాగినప్పుడు కూడా దెబ్బ దీని మీదనే పడతది. అందుకే చూసేవాళ్ళకు రెండూ ఒక్కతీరుగ కనబడతయ్.”

ఎస్తర్ తెర మీద ఆ చోటును చూస్తూనే ఉంది. అరచేతిలో పట్టేంత ఉంది. దాని మూలంగా తాను సంచి కట్టుకుంది.

“ఎందుకొచ్చింది డాక్టరమ్మా?”

“పొక్కులు తెచ్చిన వైరస్ వల్ల. ఒంట్లోని రక్షణ దాంతోని కొట్లాడటానికి లేస్తది. ఒక్కోసారి కొట్లాట అయిపోయినంక కూడా ఆగకుండ, మన చిన్నమెదడు మీదనే పడతది. ఒక్కోసారి వైరస్సే అక్కడిదాకా పోతది. చిన్నపిల్లల్లో ఎక్కువ చూస్తం. పెద్దవాళ్ళకు రావడం తక్కువ. రక్తనాళం మూసుకపోయినా, గడ్డ ఉన్నా కూడా ఇట్లనే తూలుతరు. అవి లేవని స్కాన్‌లో తెలిసింది.”

“తక్కువైతదా?”

“ఎక్కువమందికి తగ్గుతది. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. కొందరికి కొంచెం తూలుడు మిగులుతది. మందులు మొదలుపెట్టినం.” ఆమె తెర వైపు తిరిగి, బొమ్మలో సన్నని నల్లని సందును చూపించింది. “భయం ఒక్కటే. మెదడులోని నీరు కిందికి దిగే దారి దీని పక్కనే ఉంది. వాపు పెరిగితే ఈ దారి మూసుకపోతది. అప్పుడు మనిషి మత్తుగ అయిపోతడు. పిలిస్తే పలకడు. అట్ల కనబడితే మీలో మీరు మాట్లాడుకుంట కూర్చోకండి. ఉరికి వచ్చి చెప్పండి.”

బయటికి వచ్చాక ఎజ్రా వరండా రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. కింద ఖలీల్‌వాడీ రోడ్డు మీద బండ్లు పోతున్నాయి.

“పాస్టర్‌కు నేనే ఫోన్ సేస్త,” అన్నాడు. “స్నేహకు గూడ నేనే సెప్త. నువ్వు బావ కాడికి పో.”

* * *

దాసు మంచం కిటికీ పక్కన ఉంది. పడమటి ఎండ ఆకుపచ్చ పరదాలోంచి వడకట్టుకుని వచ్చి, గది అంతా చెరువు అడుగున ఉన్నట్టుంది. చేతికి సెలైన్ పెట్టి ఉంది. అతను కళ్ళు మూసుకునే మాట్లాడాడు.

“సెప్పిండ్రా?”

“సెప్పిండ్రు. తలల వాపట. తగ్గుతదట.”

“తాగలేదని... సెప్పిండ్రా?”

“ఆఁ.”

పరదా కదిలింది. ఆ ఆకుపచ్చ వెలుగు గోడ మీద ఊగి, సర్దుకుంది.

“నేను గూడ... సెప్పిన.”

ఎస్తర్ సెలైన్ గొట్టం సర్దింది.

“చర్చిల అందరు అనుకున్నరు. అనుకోనియ్. పటేల్ అనుకున్నడు. అనుకోనియ్.” ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటున్నాడు. “నువ్వు... సంచి కట్టుకున్నవ్.”

“ఏం జేయాలె మరి? ఎన్నేండ్లు తాగినవ్ నువ్వు? గా ఏండ్లన్ని నేనేడ పారేయాలె?”

గొంతు లేచినందుకు పక్క మంచం దగ్గర కూర్చున్నామె ఇటు తిరిగి చూసింది. ఎస్తర్ కొంగుతో నోరు తుడుచుకుంది.

“మానిన ఏండ్లు గూడ... ఉన్నయ్ గద,” అన్నాడు దాసు.

అతను అడిగినదాంట్లో తప్పు లేదు. తాను అడిగినదాంట్లోనూ తప్పు లేదు. రెండూ ఆ మంచానికి చెరో పక్కన కూర్చున్నాయి.

“నాతోని మాట్లాడకు,” అని దాసు కష్టపడి గోడ వైపు ఒత్తిగిలాడు.

తర్వాత సిస్టర్ వచ్చి పేరు అడిగితే చెప్పాడు. నీళ్ళు కావాలా అంటే తల ఊపాడు. ఎస్తర్‌తో మాత్రం మాట్లాడలేదు. ఆమె స్టూలు మీద కూర్చునే కునికింది. కునుకులో తెల్లని పూలు ఆమె చుట్టూ నడుము దాకా నిండాయి. వాటి అవతల ఎక్కడో దాసు ట్రాక్టర్ చప్పుడు వినబడుతోంది. అటు నడుద్దామంటే పూలు తప్పుకోవడం లేదు. మెలకువ వచ్చేసరికి కిటికీ బయట కాకులు అరుస్తున్నాయి.

ఎజ్రా ఇడ్లీలు, చాయ్ పట్టుకుని వచ్చాడు. “బావా,” అని పిలిచాడు. దాసు పలకలేదు.

“నా మీద గూడ అలిగిండు. అలగని. నేనన్న మాటలకు అలగాల్సిందే,” అన్నాడు ఎజ్రా. అతని గొంతులో ఎప్పుడూ లేని మెత్తదనం ఉంది. “నువ్వు జర తిను. కోపం దిగినంక మాట్లాడ్తడు.”

ఎస్తర్ ఇడ్లీ ముక్క తుంచింది. నోటి దాకా తీసుకెళ్ళలేదు.

దాసు అలగడం ఆమెకు కొత్త కాదు. పెళ్ళయిన మొదటి వానాకాలంలోనే చూసింది. అలిగితే రెండు మూడు పూటలు వీపు తిప్పుకుని పడుకుంటాడు. కానీ నిద్రపోడు. వంటింట్లో గిన్నె జారితే ఆ భుజం కదులుతుంది. ఆమె పక్కనుంచి నడిచి వెళ్తే ఊపిరి ఒక క్షణం ఆగుతుంది. అలిగిన దాసు వీపు ఎప్పుడూ మెలకువగా ఉంటుంది.

ఆమె చేతిలోని స్టీలు గ్లాసును కావాలనే మంచం పట్టె మీద గట్టిగా పెట్టింది.

భుజం కదలలేదు.

“ఇగో,” అంది. “నన్ను తిట్టు. ఏమన్న అను.”

అతన్ని తన వైపు తిప్పింది. తల బరువుగా ఆమె చేతి మీదికి ఒరిగింది. రెప్పలు సగం తెరిచి ఉన్నాయి. చూపు ఆమెను దాటి ఎక్కడికో పోతోంది.

“చెల్లె, అలిగిండని అంటున్న గద...”

“కాదు,” అంది ఎస్తర్.

ఆమె అప్పటికే గుమ్మం దాటింది. వరండాలో చెప్పుల్లేని కాళ్ళతో పరుగెత్తుతూ, సిస్టర్‌ను కాదు, డాక్టర్‌నే పేరు పెట్టి పిలిచింది.

తర్వాత అంతా నీళ్ళ కింద జరిగినట్టు జరిగింది. డాక్టర్ సుకన్య రెప్పలు ఎత్తి లైటు వేసింది. ఎవరో మంచం చక్రాల బ్రేకు తీశారు. మళ్ళీ స్కాన్. తెల్లకోటు వేసుకున్న మరో డాక్టరు వచ్చి, నీటి దారి మూసుకుపోయిందని, తలకు చిన్న రంధ్రం పెట్టి సన్నని గొట్టంతో నీరు తీయాలని, ఆలస్యం చేస్తే మనిషి దక్కడని చెప్పాడు. ఎస్తర్ సంతకం పెట్టింది. మంచం తలుపు లోపలికి జారిపోయింది. తలుపు మూసుకున్నాక కూడా ఆమె చెయ్యి మంచం పట్టె ఉన్నంత ఎత్తులోనే గాలిలో ఉండిపోయింది.

* * *

లక్ష్మవ్వ ఫోన్ చేసింది.

“బిడ్డా, నా కొడుకు ఏమన్న తిన్నడా? ఏమన్న మాట్లాడ్తున్నడా?”

ఎస్తర్ గోడకు ఆనుకుంది. చెబుదామా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి, చెప్పింది. ఏదీ దాచలేదు. అవతల వాకిట్లో కోళ్ళ అరుపు వినబడింది.

“నువ్వు సూడకపోతె ఏమయితుండెనో,” అంది లక్ష్మవ్వ చివరికి. “నువ్వు ఆడనే ఉండు బిడ్డా. ఎటు పోకు.”

“యాడికి పోత అత్తమ్మా.”

ఎజ్రా బెంచీ చివర కూర్చుని రెండు చేతులూ జోడించుకుని ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఎస్తర్ కూడా ప్రార్థన చేద్దామనుకుంది. మాటలు కుదరలేదు. ఆయన కోపం ఆయనకు తిరిగి ఇయ్యి ప్రభువా, అని మాత్రం అనుకుంది. నాతో జన్మంతా మాట్లాడకపోయినా సరే, మాట్లాడకూడదని ఆయనే అనుకోవాలె.

వరండాలో ఎండ ఒక గడి నుంచి ఇంకో గడిలోకి జరుగుతూ పోయింది. ఎవరెవరో వచ్చారు, వెళ్ళారు. పొద్దు వాలుతుండగా తలుపు తెరుచుకుంది.

డాక్టర్ సుకన్య మాస్కు కిందికి దించుకుంది. అలసిన మొహం.

“నీరు తీసినం. ఒత్తిడి దిగింది. కళ్ళు తెరిచిండు. పేరడిగితే చెప్పిండు, ఊరి పేరు కూడా చెప్పిండు. మాట ముద్దగనే ఉంది. అది ఇప్పట్ల పోదు. ఇంకా కొన్ని రోజులు కనిపెట్టుకుని ఉండాలె. మొత్తం బయటపడ్డడని ఇప్పుడే చెప్పలేను.”

ఎజ్రా రెండు అరచేతులతో మొహం కప్పుకున్నాడు.

“నన్ను అడిగిండా?” అంది ఎస్తర్.

డాక్టర్ సుకన్య తటపటాయించింది.

“నేనే అడిగిన. మీ ఆమె బయట ఉంది, పిలవాల్నా అని.”

“ఏమన్నడు?”

“ఏమనలేదమ్మా. మొహం అటు తిప్పుకున్నడు.”

ఎజ్రా చెల్లెలి భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆమె ఆ చేతిని చూడలేదు.

“ఆయనంతట ఆయనే తిప్పుకున్నడా?”

“ఆఁ. ఆయనంతట ఆయనే.”

ఎస్తర్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఎజ్రాకు తెలియలేదు. ఆమె తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

తెల్లని కట్టు మధ్య దాసు మొహం చిన్నదైపోయి ఉంది. ఆమె అడుగుల చప్పుడుకు అతని ఊపిరి ఒక క్షణం ఆగింది.

“నేనే,” అంది.

అతను పలకలేదు.

ఎస్తర్ స్టూలు దగ్గరికి జరుపుకుని, కూర్చుంది.